ఇంధనాన్ని మోసే ఇంధనం: నక్షత్రయానపు లెక్క



ఈ సాయంత్రం మనం తలచుకుంటున్న మాస్టారు జీవితమంతా భౌతికశాస్త్రం చెప్పారు. ఎంత పెద్ద విషయమైనా నల్లబల్ల మీద లెక్క వేసి చూపించేదాకా ఆయనకు తృప్తి ఉండేది కాదు. అందుకే ఆయన స్మృతిలో మాట్లాడమని అడిగినప్పుడు ఒక లెక్కనే విషయంగా తీసుకున్నాను. రాకెట్టు మీద మరో నక్షత్రానికి వెళ్ళాలంటే ఎంత ఇంధనం కావాలి? ఈ ప్రశ్నను నూట ఇరవై ఏళ్ళుగా చాలామంది పెద్దలు పట్టుకున్నారు. ఒక్కొక్కరు ఎక్కడిదాకా వెళ్ళారో, ఎక్కడ ఆగిపోయారో చెప్పడమే ఈ ఉపన్యాసం.

ముందు దూరం సంగతి. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కిలోమీటర్లలో చెప్పాలంటే సుమారు 40 లక్షల కోట్లు. 1977 సెప్టెంబరు 5న బయలుదేరిన వాయేజర్-1 నౌక ఇప్పుడు సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అది ప్రాక్సిమా వైపు వెళ్ళడం లేదు. వెళ్తోందనుకున్నా అక్కడికి చేరడానికి దాదాపు 75,000 ఏళ్ళు పడుతుంది. అంటే ఒక మనిషి బతికుండగానో, కనీసం నాలుగైదు తరాల్లోనో చేరాలంటే వేగం కొన్ని వందల రెట్లు, వేల రెట్లు పెరగాలి. వేగం కావాలంటే ఇంధనం కావాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఈ చిక్కుకు గణితరూపం దొరకడం వెనక మన దక్షిణాది చరిత్ర కొంత ఉంది. 1780లో పొల్లిలూరు యుద్ధంలో మైసూరు సేనలు ఇనుప గొట్టాల రాకెట్లను ఈస్టిండియా కంపెనీ దండు మీద ప్రయోగించాయి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ రాకెట్లు ఇంగ్లండు చేరాయి. వాటిని చూసి విలియం కాంగ్రీవ్ వూలిచ్ ఆయుధాగారంలో తన రాకెట్లు తయారుచేశాడు. అదే వూలిచ్‌లో, సైనిక విద్యాలయంలో లెక్కలు చెప్పే విలియం మూర్ 1813లో రాకెట్ల చలనం మీద ఒక పుస్తకం వేశాడు. మండుతున్నకొద్దీ బరువు తగ్గిపోయే వస్తువు ఎలా కదులుతుందో అందులో లెక్కగట్టాడు. అయితే ఆయన దృష్టి యుద్ధరంగం మీదే ఉంది. ఆకాశం మీద లేదు.

ఆకాశం మీద దృష్టి పెట్టినవాడు రష్యాలో బడిపంతులు కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ. 1857లో పుట్టాడు. పదేళ్ళ వయసులో వచ్చిన జ్వరంతో వినికిడి చాలావరకు పోయింది. బడికి వెళ్ళి చదువుకునే అవకాశం తప్పిపోయింది. మాస్కో గ్రంథాలయాల్లో కూర్చుని సొంతంగా గణితం, భౌతికం నేర్చుకున్నాడు. తర్వాత కలూగా అనే చిన్న ఊళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతూ బతికాడు. 1897లో తన కాగితాల మీద రాకెట్టు సూత్రం రాసుకున్నాడు, 1903లో ఒక రష్యన్ పత్రికలో ప్రకటించాడు.  ఈ సూత్రానికి ఆయన వాడినది కలం, కాగితం. మన మాస్టారికి ఆయనంటే ఎందుకంత గౌరవమో ఇక్కడున్న శిష్యులకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ సూత్రాన్ని విద్యార్థుల కోసం ఒకసారి చెబుతాను. రాకెట్టుకు దక్కే వేగం రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, వాయువుల్ని ఎంత వేగంతో వెనక్కి చిమ్ముతున్నాం అన్నది. రెండోది, బయలుదేరినప్పటి బరువుకూ ఇంధనం అయిపోయాక మిగిలిన బరువుకూ ఉన్న నిష్పత్తి. ఆ నిష్పత్తికి సహజ సంవర్గమానం కట్టి, దాన్ని చిమ్మే వేగంతో గుణిస్తే రాకెట్టు వేగం వస్తుంది. ఈ సంవర్గమానం ఏం చేస్తుందో చూడండి. చిమ్మే వేగమెంతో రాకెట్టు వేగమూ అంతే చాలనుకుంటే నిష్పత్తి 2.7. దానికి రెట్టింపు కావాలంటే 7.4. మూడు రెట్లు కావాలంటే 20. పది రెట్లు కావాలంటే 22,000. వేగం కూడికలో పెరుగుతుంటే ఇంధనం గుణకారంలో పెరుగుతోంది.

ఎందుకిలా? దూరప్రయాణానికి బండి కట్టామనుకోండి. దారిలో ఎక్కడా గడ్డి దొరకదు. ఎడ్ల మేతంతా బండిలోనే వేసుకోవాలి. ఆ మేత బరువు లాగడానికి మరో జత ఎడ్లు కావాలి, ఆ జతకు మళ్ళీ మేత కావాలి. రాకెట్టు పరిస్థితి సరిగ్గా ఇదే. ప్రయాణం చివర్లో మండాల్సిన ఇంధనాన్ని మొదటినుంచీ మోయాలి, మోయడానికి ఇంకా ఇంధనం కావాలి.

భూమి దాటడానికే ఇది ఎంత భారమో మన శ్రీహరికోటలో చూశాం. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్ళిన ఎల్‌వీఎం-3 రాకెట్టు బరువు సుమారు 640 టన్నులు. అది కక్ష్యలో వదిలిన చంద్రయాన్ బరువు 3.9 టన్నులు. బయలుదేరిన ప్రతి 160 కిలోల్లో ఒక కిలో మాత్రమే అసలు పనికి మిగిలింది. తక్కినది దాదాపంతా ఇంధనమూ, దాన్ని పట్టి ఉంచిన తొట్లూ. ఇది ఇంజనీర్ల లోపం కాదు. సియోల్కోవ్‌స్కీ సూత్రం అడిగిన సుంకం అది.

ఇప్పుడు అదే ఇంధనంతో నక్షత్రం లెక్క వేద్దాం. మండించి వాడే ఇంధనాల్లో చాలా మేలైనది ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ జోడీ. ఎల్‌వీఎం-3 పైఅంచెలో వాడేది అదే. దాని చిమ్మే వేగం సెకనుకు 4.5 కిలోమీటర్ల దరిదాపు. ప్రాక్సిమాకు వెయ్యేళ్ళలో చేరాలనుకుందాం. తొందరేం లేదు, వెయ్యేళ్ళు. అక్కడ ఆగనక్కర్లేదు కూడా, పక్కనుంచి దూసుకుపోతే చాలు. అందుకు సెకనుకు 1,271 కిలోమీటర్ల వేగం కావాలి. చిమ్మే వేగానికి ఇది 282 రెట్లు. అప్పుడు బరువుల నిష్పత్తి ఒకటి పక్కన 122 సున్నాలు వేసినంత వస్తుంది. మనకు కనిపించే విశ్వమంతటిలో ఉన్న పరమాణువుల సంఖ్య సుమారు ఒకటి పక్కన 80 సున్నాలు. విశ్వంలోని పదార్థమంతా ఇంధనంగా మార్చినా ఒక్క కిలో సామానును వెయ్యేళ్ళలో పక్క నక్షత్రం దాకా పంపలేం. అంచెలంచెల రాకెట్టు కడితే ఖాళీ తొట్ల బరువు వదిలించుకోవచ్చు. సంవర్గమానాన్ని వదిలించుకోలేం. ఈ లెక్కను నేను చాలాసార్లు వేశాను. వేసిన ప్రతిసారీ దాని ముందు అలా కూర్చుండిపోతాను.

కనుక మండే ఇంధనంతో పని కాదని సియోల్కోవ్‌స్కీకే తెలుసు. 1911-12లో వెలువడిన వ్యాసాల్లో ఆయన రేడియం ప్రస్తావన తెచ్చాడు. రేడియం నుంచి వెలువడే కణాల వేగం చూసి, ఆ శక్తిని వశం చేసుకోగలిగితే దారి దొరుకుతుందని ఆశించాడు. 1912లోనే ప్యారిస్‌లో రోబేర్ ఎస్నో-పెల్‌త్రీ భౌతికశాస్త్రవేత్తల సభలో ఉపన్యసిస్తూ, తన దారిన తాను ఇదే చోటికి వచ్చాడు. ఇద్దరిలో ఒకరి సంగతి మరొకరికి తెలియదు. పరమాణు కేంద్రకం సంగతి బయటపడి అప్పటికి ఏడాదో రెండేళ్ళో. 1926లో గాడర్డ్ అమెరికాలో మొదటి ద్రవ ఇంధన రాకెట్టు ఎగరేయడానికి పద్నాలుగేళ్ళ ముందే, ద్రవ ఇంధనం నక్షత్రాలకు చాలదని లెక్క తేలిపోయింది. సిద్ధాంతం ప్రయోగాన్ని ఇంతగా దాటిపోయిన సందర్భాలు విజ్ఞానచరిత్రలో ఎక్కువ ఉండవు.

రేడియంలో వాళ్ళు చూసినదేమిటో ఇప్పటి మాటల్లో చెప్పుకోవచ్చు. ఐన్‌స్టీన్ చెప్పినట్టు ద్రవ్యమంతా శక్తే. హైడ్రోజన్ ఆక్సిజన్‌తో మండినప్పుడు ఆ ద్రవ్యంలో వెయ్యి కోట్లలో ఒకటిన్నర వంతు మాత్రమే శక్తిగా విడుదలవుతుంది. యురేనియం విచ్ఛిత్తిలో వెయ్యింట ఒక వంతు దాకా వస్తుంది. హైడ్రోజన్ సంలీనమై హీలియంగా మారితే వెయ్యింట ఏడు వంతులు. ద్రవ్యమూ ప్రతిద్రవ్యమూ కలిసి అంతరిస్తే మొత్తం. ఈ మెట్లు ఎక్కడమే నక్షత్రయాన చరిత్ర. 1946లో స్విట్జర్లాండులో యాకోబ్ ఆకెరెట్ రాకెట్టు సూత్రాన్ని కాంతివేగం దగ్గర కూడా చెల్లేలా సాపేక్షతా సిద్ధాంతంతో సరిచేశాడు. 1952లో ఇంగ్లండులో లెస్లీ షెపర్డ్ నక్షత్రయానం మీద ఒక సమగ్ర వ్యాసం రాసి, శక్తి చిట్టా అంతా పరిచాడు. ఆ తర్వాత ఒక్కో మెట్టు మీదా ఒక్కో బృందం నిలబడింది.

విచ్ఛిత్తి మెట్టు మీద మొదలై సంలీనం దాకా పాకిన బృందం ఓరియన్ అనే పథకం వాళ్ళది. 1955లో లాస్ అలమోస్‌లో స్టానిస్లావ్ ఉలామ్, కార్నీలియస్ ఎవరెట్ ఒక ఆలోచన రాసిపెట్టారు. నౌక వెనక వరసగా అణుబాంబులు పేలుస్తూ, ఆ తాకిడిని బలమైన పలకతో కాచుకుంటూ ముందుకు పోవడం. 1958లో శాన్ డియాగోలో టెడ్ టేలర్ నాయకత్వంలో పని మొదలైంది. ఫ్రీమన్ డైసన్ వచ్చి చేరాడు. మామూలు మందుగుండుతో చిన్న నమూనాను పైకి ఎగరేసి, పద్ధతి నిలుస్తుందని చూపించారు కూడా. 1963లో వాతావరణంలోనూ, అంతరిక్షంలోనూ అణుపరీక్షల్ని నిషేధించే ఒప్పందం వచ్చింది, 1965కు పథకం ముగిసింది. 1968లో డైసన్ నక్షత్రాలకు దీన్ని వర్తింపజేసి ఒక వ్యాసం రాశాడు. నౌక బరువు 4 లక్షల టన్నులు. అందులో ఒక్కో మెగాటన్ను శక్తి గల హైడ్రోజన్ బాంబులు 3 లక్షలు. మూడు సెకన్లకొకటి చొప్పున పది రోజులు పేలిస్తే సెకనుకు 10,000 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఆల్ఫా సెంటారీకి 130 ఏళ్ళు. ఆ బాంబుల్ని ఈ లోకంలో ఎవరి చేతిలోనైనా చూడాలని నేను కోరుకోను. ఒప్పందం రావడం మంచిదైంది. కానీ మనిషికి అప్పటికే తెలిసిన విద్యతో నక్షత్రయానం సాధ్యమేనని మొదటిసారి అంకెల్లో తేల్చినది ఈ వ్యాసమే. ఆ ఘనత డైసన్‌కు ఇవ్వాలి.

దీనికి ముందే 1960లో, అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఎడ్వర్డ్ పర్సెల్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఈయన అయస్కాంత అనునాదం మీద పనికి 1952లో నోబెల్ పంచుకున్నవాడు, నక్షత్రాల మధ్య హైడ్రోజన్ వెలువరించే 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని మొదట పట్టిన ఇద్దరిలో ఒకడు. ఇంధనం చరిత్రలో ఇంత స్పష్టంగా మాట్లాడినవాళ్ళు మరొకరు లేరని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ కాస్త నిలబడతాను.

పర్సెల్ ఇంజనీరింగు కష్టాలన్నీ పక్కన పెట్టేశాడు. ఇంజను ఆదర్శవంతంగా పనిచేస్తుందనుకున్నాడు, తొట్ల బరువు లేదనుకున్నాడు. ప్రకృతి ఎంత అనుమతిస్తుందో అంతే అడిగాడు. పన్నెండు కాంతి సంవత్సరాల దూరం వెళ్ళి, తిరిగి రావాలి. ప్రయాణికుడు ముసలివాడు కాకుండా రావాలి, కాబట్టి కాంతివేగంలో నూటికి 99 వంతుల వేగం అందుకోవాలి. సంలీనం వాడితే, ఆ వేగం ఒక్కసారి అందుకోవడానికే బయలుదేరే బరువు చివరి బరువుకు 150 కోట్ల రెట్లు మించాలి. ఇంకా ఆగలేదు, తిరగలేదు. కనుక సంలీనం చాలదు. సరే, అన్నిటికన్నా పై మెట్టు, ప్రతిద్రవ్యం. అప్పుడు నిష్పత్తి 14. ఇది ఎంతో బాగుందనిపిస్తుంది. కానీ వేగం అందుకోవడానికి 14, అక్కడ ఆగడానికి 14, తిరుగుప్రయాణంలో మళ్ళీ వేగానికి 14, ఇంటి దగ్గర ఆగడానికి 14. నాలుగూ ఒకదాన్నొకటి గుణించుకుంటే దాదాపు 40,000. పది టన్నుల నౌక వెళ్ళి రావాలంటే 4 లక్షల టన్నులతో బయలుదేరాలి. అందులో సగం ప్రతిద్రవ్యం. ఇంతకన్నా మంచి ఇంధనం భౌతికశాస్త్రంలో లేదు. అందువల్ల నక్షత్రాల మధ్య మనుషుల రాకపోకల్ని మరచిపోయి, రేడియోతో మాట్లాడుకోవడం గురించి ఆలోచించమన్నాడు పర్సెల్.

ఆయన లెక్కలో తప్పు లేదు. అరవై ఏళ్ళు దాటినా ఎవరూ దాన్ని కదిలించలేదు. అయితే ఆయన కోరిక చాలా పెద్దది, 99 శాతం వేగం, పైగా తిరుగుప్రయాణం. కోరిక తగ్గించుకుంటే ఏమవుతుందన్నది తర్వాతి తరం ప్రశ్న. కాంతివేగంలో పదో వంతు చాలు, మనుషులు వద్దు, తిరిగి రావద్దు.

బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ సభ్యులు అలన్ బాండ్ నాయకత్వంలో 1973 నుంచి 1978 దాకా తమ తీరికవేళల్లో చేసిన డెడలస్ అధ్యయనం ఆ ప్రశ్నకే జవాబు. గమ్యం బర్నార్డ్ నక్షత్రం, 5.9 కాంతి సంవత్సరాలు. ఇంధనం డ్యుటీరియం, హీలియం-3. ఈ రెంటినీ గోళీల్లా గడ్డకట్టించి, సెకనుకు 250 చొప్పున ఎలక్ట్రాన్ కిరణాలతో సంలీనం చేయించాలి. నౌక బరువు 54,000 టన్నులు, అందులో ఇంధనం 50,000. గమ్యం దాకా పనికొచ్చే సామాను 450 టన్నులు. కాంతివేగంలో 12 శాతం. ప్రయాణం 50 ఏళ్ళు. ఇంతవరకూ వింటే ఆశ కలుగుతుంది. కానీ 30,000 టన్నుల హీలియం-3 భూమ్మీద దొరకదు. బృహస్పతి వాతావరణంలో బెలూన్లకు వేలాడే కర్మాగారాలు ఇరవై ఏళ్ళపాటు తోడి తేవాలని వాళ్ళే రాశారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. నక్షత్రానికి పోవడానికి ముందు సౌరకుటుంబమంతా మన పనిస్థలం కావాలన్నది ఆ నివేదిక చెప్పకనే చెప్పిన సంగతి.

ఇంకో సంగతి కూడా ఉంది. డెడలస్ ఆగదు. యాభై ఏళ్ళు ప్రయాణించి, గమ్యాన్ని కొన్ని గంటల్లో దాటిపోతుంది. ఆగాలంటే? బయలుదేరే బరువుకూ చేరే సామానుకూ నిష్పత్తి 120. అక్కడ ఆపడానికి అంతే శ్రమ కావాలి, కాబట్టి 54,000 టన్నులకు మళ్ళీ 120 రెట్లు, దాదాపు 65 లక్షల టన్నులు. ఆగి, తిరిగొచ్చి, ఇక్కడా ఆగాలంటే 9,300 కోట్ల టన్నులు. అదే ఇంజను, అదే ఇంధనం. మారింది కోరిక ఒక్కటే.

ప్రతిద్రవ్యం మాటకు మళ్ళీ వస్తాను, ఎందుకంటే పత్రికల్లో తరచూ కనిపించేది అదే. ప్రతిప్రోటాన్‌ను 1955లో బర్కిలీలో ఓవెన్ చాంబర్లిన్, ఎమీలియో సెగ్రే బృందం కనిపెట్టింది. ఒక కిలోను కాంతివేగంలో పదో వంతుకు చేర్చడానికి కావలసిన శక్తి పన్నెండున్నర కోట్ల యూనిట్ల కరెంటు. నష్టమేమీ లేదనుకుంటే రెండున్నర గ్రాముల ప్రతిద్రవ్యంతో అది తీరిపోతుంది. కానీ యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో ఇప్పటిదాకా తయారైన ప్రతిద్రవ్యమంతా పోగేసి వాడినా ఒక విద్యుద్దీపం కొన్ని నిమిషాలు వెలుగుతుంది, అంతే. తయారీకి పోసే శక్తి తిరిగొచ్చేదానికన్నా ఎన్నో రెట్లు. ప్రతిద్రవ్యం ఇంధనపు గని కాదు. శక్తిని దాచుకునే సీసా మాత్రమే, అదీ ఏ గోడకూ తగలకుండా అయస్కాంతాల మధ్య వేలాడదీయాల్సిన సీసా.

అసలు ఇంధనం మోయకుండా ఉంటే? ఈ దారిలో మొదటివాడు రాబర్ట్ బుస్సార్డ్. 1960లో, నక్షత్రాల మధ్య ఉండే పలచని హైడ్రోజన్‌ను అయస్కాంత క్షేత్రంతో ఏరుకుంటూ సంలీనం చేస్తూ పోవచ్చన్నాడు. అందమైన ఆలోచన. ఆ హైడ్రోజన్ ఘన సెంటీమీటరుకు ఒక పరమాణువు లెక్కన ఉంటుంది, మామూలు ప్రోటాన్ల సంలీనం అత్యంత నెమ్మదిగా సాగుతుంది, ఏరుకునే క్షేత్రమే నౌకకు అడ్డం పడుతుంది. తర్వాతివాళ్ళు ఈ లోపాలు చూపించాక అది కథకుల పాలైంది.

రెండో దారి గట్టిది. 1962లో రాబర్ట్ ఫార్వర్డ్, ఇంజనునూ ఇంధనాన్నీ ఇంట్లోనే ఉంచి లేజర్ కాంతితో తెరచాపను నెట్టమన్నాడు. 1984లో పూర్తి రూపకల్పన ప్రచురించాడు. 2016 ఏప్రిల్ 12న న్యూయార్కులో యూరీ మిల్నర్, స్టీఫెన్ హాకింగ్ ప్రకటించిన బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ ఆ ఆలోచనకు వారసురాలు. కొన్ని గ్రాముల నౌక, భూమ్మీద 100 గిగావాట్ల లేజర్లు, కాంతివేగంలో 20 శాతం, ఇరవై ఏళ్ళ పైచిలుకు ప్రయాణం. ఇక్కడ సియోల్కోవ్‌స్కీ సంవర్గమానం లేదు. మోసే ఇంధనమే లేదు కనుక. శక్తి బాకీ మాత్రం ఉంది. ఒక్క గ్రాముకు ఆ వేగం ఇవ్వడానికి కనీసం 5 లక్షల యూనిట్లు. అందుకే నౌక గ్రాముల్లో ఉంది. అదీ ఆగదు. అయినా దూరాన్ని ఇంత నిజాయితీగా ఎదుర్కొన్న పథకం డెడలస్ తర్వాత ఇదే.

ఈ చరిత్రంతా చదివాక నా తీర్పు చెబుతాను. ఇంధనం తనతో మోసుకుపోయే రాకెట్టు సౌరకుటుంబానికి సరిపడే వాహనం. అక్కడ అది చేయగల పని ఇంకా ఎంతో ఉంది. నక్షత్రాలకు మనుషుల్ని తీసుకెళ్ళి తీసుకొచ్చే వాహనం మాత్రం కాదు, ఏ ఇంధనం పోసినా కాదు. నక్షత్రాలకు మన నుంచి మొదట చేరే వస్తువు చాలా తేలికైనదీ, ఆగకుండా పోయేదీ, వెనకనుంచి నెట్టబడేదీ అవుతుంది.

ఇక్కడున్న అధ్యాపకులకు ఒక మనవి. ఇంటర్‌లో సంవర్గమానాలు చెప్పేటప్పుడు ఈ లెక్కను పిల్లల చేత వేయించండి. చిమ్మే వేగం సెకనుకు 4.5 కిలోమీటర్లు తీసుకోమనండి, తర్వాత సంలీనానికి తగ్గట్టు 10,000 తీసుకోమనండి, ఆగడానికి వర్గం, తిరిగి రావడానికి నాలుగో ఘాతం కట్టమనండి. గంటలో అయిపోతుంది. ఆ తర్వాత నక్షత్రాలకు తీసుకెళ్ళే ఇంజను తయారైందని ఎవరు చెప్పినా, మీ పిల్లలు రెండు ప్రశ్నలు అడుగుతారు. వెనక్కి చిమ్మే వేగమెంత? బయలుదేరే బరువెంత? మాస్టారు తన శిష్యులకు నేర్పింది ఇలా అడగడమే. మీరు కూడా నేర్పండి.